కడుపుతో ఉన్నప్పుడు ప్యాప్ రిపోర్టు బాగోలేదని వస్తే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 27 ఏళ్లు. పెళ్లయిన నాలుగేళ్లకు కడుపు నిలిచింది, ఇప్పుడు ఆరో నెల. నాలుగో నెలలో భార్యాభర్తలం కలిసిన తర్వాత రెండుసార్లు కొద్దిగా రక్తం కనిపించింది. హాస్పిటల్లో చూసి గర్భసంచి మూతి ఎర్రగా ఉందని, అక్కడి కణాలు తీసి చూసే ప్యాప్ స్మియర్ పరీక్ష చేశారు. అందులో 'హై గ్రేడ్' మార్పులని వచ్చింది. హెచ్‌పీవీ అనే వైరస్ పరీక్షలో 16, 18 రకాలు లేవు గానీ 'ఇతర హై రిస్క్ రకాలు పాజిటివ్' అని రాశారు. తర్వాత కాల్పోస్కోపీ చేసి, అంటే మూతిని పెద్దదిగా చూపే పరికరంతో చూసి, చిన్న ముక్క తీశారు. సిన్ 2 అని రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు, ఇప్పుడేమీ చేయం, మూడు నెలలకు మళ్లీ చూస్తాం, కాన్పయ్యాక చూసి నిర్ణయిద్దాం అన్నారు.

ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. గర్భంలో ఇమ్యూనిటీ తగ్గుతుందట, బిడ్డను కాపాడే పద్ధతిలోనే శరీరం క్యాన్సర్‌ను కూడా కాపాడుతుందట, కాన్పు దాకా ఆగితే పెరిగిపోదా అని మా ఆయన నెట్‌లో చదివి భయపడుతున్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు సిజేరియన్‌తో పాటే గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందన్నారు. ఇది ఎవరి నుంచి అంటుకుందని అత్తయ్య గారు అడుగుతున్నారు. మాది తిరుమలాయపాలెం వైపు. 2009లో నేను ఆరో తరగతిలో ఉండగా స్కూల్లో క్యాన్సర్ టీకా వేశారు, దానివల్లే ఇలా అయిందని అమ్మ ఏడుస్తోంది. నన్నేం చేయమంటారు?
(పేరు వద్దన్నారు, ఖమ్మం జిల్లా)

సమాధానం: అమ్మా, ముందు మీ రిపోర్టులో ఉన్న మాటకు అర్థం చెబుతాను. గర్భసంచి మూతి మీద చర్మం లాంటి పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర మందంలో అడుగున మూడో వంతు వరకే కణాలు తేడాగా ఉంటే సిన్ 1 అంటాం. మూడింట రెండు వంతుల దాకా ఉంటే సిన్ 2, దాదాపు మందమంతా అలాగే ఉంటే సిన్ 3. ఈ మూడింటిలోనూ తేడా కణాలు ఆ పొరలోనే ఉంటాయి. పొర అడుగున గట్టులాంటిది ఉంటుంది, దాన్ని దాటి లోపలి కండలోకి దిగితేనే క్యాన్సర్ అంటాం. మీకు కాల్పోస్కోపీలో చూశారు, ముక్క కూడా తీసి చూశారు. దిగలేదని తేలింది. మీ డాక్టరు గారు ఇప్పటిదాకా చేసినవన్నీ వరుసగా సరైన పనులే. మూడు నెలలకు మళ్లీ చూస్తామనడం కూడా అందులో భాగమే. సిన్ 2, సిన్ 3 ఉన్న గర్భిణిని 12 నుంచి 24 వారాలకు ఒకసారి కాల్పోస్కోపీతో చూస్తూ ఉండాలన్నది ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్న పద్ధతి.

మూతి ఎర్రగా ఉందన్నారని రాశారు. మన ఊళ్లలో దీన్ని 'గర్భసంచి మూతికి పుండు' అంటారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆడవాళ్లు బెంబేలెత్తిపోతారు. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ హార్మోను పెరిగి, మూతి లోపలి భాగంలో ఉండాల్సిన మెత్తటి ఎర్రటి పొర బయటికి తిరుగుతుంది. రక్తప్రసరణ పెరిగి మూతి కాస్త నీలంగా కూడా కనిపిస్తుంది. గ్రంథులు ఉబ్బి, చిక్కటి జిగురు తయారై మూతిని మూసేస్తుంది. బయటికి తిరిగిన ఆ మెత్తటి పొర మెల్లగా గట్టి పొరగా మారుతూ ఉంటుంది. ఇంత రక్తం నిండిన చోట కొద్దిగా తగిలినా రక్తం కనిపిస్తుంది. గర్భం వల్ల కొందరిలో మూతి మీద వచ్చే మార్పులు పైకి చూడటానికి అచ్చం క్యాన్సర్ గడ్డలాగే ఉంటాయి. అలా మారిన చోటి కణాలు ప్యాప్ స్లైడు మీద పడితే హై గ్రేడ్ అని పొరబడే అవకాశం కూడా ఉంది. అందుకే గర్భిణి స్మియర్ చదివేవాళ్లకు ఆమె గర్భిణి అన్న సంగతి, ఎన్నో నెలో తెలియాలి. మీ స్లైడు మీద, ముక్క తీసిన కాగితం మీద ఆ విషయం రాసి ఉందో లేదో ఒక్కసారి అడగండి. లేకపోతే అవే స్లైడ్లను ఇంకో పాథాలజిస్టుకు చూపించమని కోరండి. మీరలా కోరినంత మాత్రాన డాక్టరు గారి మీద నమ్మకం లేనట్టు కాదు. అవే స్లైడ్లు ఇస్తారు, మీకు మళ్లీ నొప్పి ఏమీ ఉండదు.

ఇప్పుడే తీసేస్తే పోదా అనిపించడం సహజం. సిన్ 2కి మామూలుగా చేసే చికిత్స లీప్. సన్నటి కరెంటు తీగతో ఆ భాగాన్ని పలుచగా చెక్కేస్తారు. మామూలు రోజుల్లో అది చిన్న పని, తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చేసి అదే రోజు ఇంటికి పంపుతారు. గర్భంలో అదే పని చేస్తే రక్తం బాగా పోవచ్చు, కడుపు పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు రావచ్చు. క్యాన్సర్ లోపలికి దిగిందన్న అనుమానం గట్టిగా ఉంటే తప్ప గర్భంలో ఆ పనికి దిగం. మూతి లోపలి గొట్టాన్ని గీకి తీసే పరీక్ష గర్భిణికి అసలే చేయకూడదు.

ఇక ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న. సిన్ 2 క్యాన్సర్‌గా మారడానికి, మారితే, సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఉన్న కొద్ది నెలల గర్భంలో అలా మారడం చాలా అరుదు. 1999లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, గర్భంలో సిన్ 2, సిన్ 3 ఉన్న 150 మందికి పైగా స్త్రీలను కాన్పు తర్వాత మళ్లీ పరీక్షించారు. మూడింట రెండు వంతుల మందికి పైగా మార్పులు వెనక్కి తగ్గాయి. ఒక్కరికి కూడా క్యాన్సర్‌గా మారలేదు. అన్ని అధ్యయనాల్లోనూ ఇంత మంచి అంకె రాలేదు, కొన్నింట్లో తగ్గినవాళ్లు ఇంతకంటే తక్కువే. క్యాన్సర్‌గా మారడం అరుదన్న దాంట్లో మాత్రం అవి కలుస్తాయి.

అయితే మీరు ఇక్కడ ఆగిపోయి, 'అయితే ఏం కాదులే' అనుకుంటారేమోనని నాకు భయం. అందుకే ఇంకో సంగతి చెప్పాలి. న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి 1960ల్లో, 70ల్లో సిన్ 3 ఉన్న చాలామంది స్త్రీలకు సరైన చికిత్స చేయకుండా ఊరికే గమనిస్తూ వచ్చింది. వాళ్లలో చాలామందికి తమ మీద ఇలాంటి పరిశీలన జరుగుతోందని కూడా తెలియదు. ఆ తర్వాత దాని మీద విచారణ జరిగి దేశం అట్టుడికింది. ఆ స్త్రీల వివరాలు లెక్కగట్టి 2008లో ప్రచురిస్తే తేలింది ఇది: చికిత్స సరిగ్గా అందనివాళ్లలో 30 ఏళ్లలో సుమారు 30 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స సరిగ్గా అందినవాళ్లలో అది ఒక శాతం కూడా లేదు. మీది సిన్ 3 కాదు, ఇవి వేరే పరిస్థితిలో వచ్చిన లెక్కలు. అయినా ఇందులో మీరు గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. ఇది నెలల్లో ముంచుకొచ్చే జబ్బు కాదు. అలాగని మరచిపోతే ఊరుకునే జబ్బూ కాదు.

మీ ఆయన చదివిన ఇమ్యూనిటీ సంగతికి వద్దాం. ఆయన చదివింది అబద్ధం కాదు, సగం నిజం. బిడ్డలో సగం తండ్రి పోలిక. తల్లి శరీరం లెక్కలో ఆ సగం పరాయిదే. ఇంకొకరి కిడ్నీ పెడితే ఎదురు తిరిగే శరీరం, తొమ్మిది నెలలు ఈ బిడ్డను ఎలా మోస్తుందని పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త 1953లోనే అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబులు ఇప్పటికీ ఒక్కొక్కటిగా దొరుకుతున్నాయి. మాయ మీది కణాలు తల్లి రక్షణ కణాలకు కొన్ని గుర్తులు చూపిస్తాయి. హెచ్‌ఎల్‌ఏ-జీ అన్నది అలాంటి ఒక గుర్తు, పీడీ-ఎల్1 ఇంకొకటి. వాటిని చూసిన రక్షణ కణం 'ఇది మనదే' అన్నట్టు చేయి దించుతుంది. రక్షణ కణాల్లోనే తోటి కణాలను అదుపులో పెట్టే కొన్ని ఉన్నాయి, రెగ్యులేటరీ టీ కణాలంటారు. గర్భంలో అవి కూడా పెరుగుతాయి. ఆ కణాల మీద చేసిన పనికే 2025లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు.

క్యాన్సర్ గడ్డ దొంగిలించేది సరిగ్గా ఈ గుర్తులనే. గర్భసంచి మూతి క్యాన్సర్లలో చాలావాటి మీద పీడీ-ఎల్1 కనిపిస్తుంది. ఆ గుర్తును అడ్డుకునే మందులు ఇప్పుడు వచ్చాయి. పెంబ్రోలిజుమాబ్ అనే మందును, బాగా ముదిరిన లేదా తిరగబెట్టిన గర్భసంచి మూతి క్యాన్సర్‌కు కీమోతో కలిపి ఇవ్వడానికి అమెరికా 2021లో అనుమతించింది. బిడ్డకూ గడ్డకూ కాపలా ఒకే దారిలో ఉంది గనుక ఆ మందు గర్భిణికి ఇవ్వకూడదంటారు. గడ్డ ముసుగు తీయబోయి మాయ కాపలా కూడా తీసేసినట్టవుతుంది. పిండాన్ని మోసే శాస్త్రాన్నీ, క్యాన్సర్‌ను వేటాడే శాస్త్రాన్నీ ఈ రోజు ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన చదువుతున్నారంటే కారణం ఇదే. మీ ఆయన ఆ వ్యాసం దాకా వెళ్లి చదివారంటే మీ మీద ఎంత బెంగ ఉందో తెలుస్తోంది.

ఆయన చదివిన దాంట్లో లేనిది ఒకటుంది. మాయ దగ్గర చేయి దించిన రక్షణ వ్యవస్థ ఒళ్లంతా చేయి దించి కూర్చోదు. అలా అయితే ప్రతి గర్భిణీ ప్రతి జబ్బుకూ లొంగిపోవాలి. ఫ్లూ లాంటి కొన్ని జబ్బులు గర్భిణులకు ఎక్కువ తీవ్రమవుతాయి, అది నిజమే. కొన్ని పరిశోధనల్లో గర్భిణుల్లో హెచ్‌పీవీ కాస్త ఎక్కువగా కనిపించిందన్నదీ నిజమే. కానీ గర్భంలో ఇమ్యూనిటీ 'తగ్గిపోయింది' అనే కంటే 'తీరు మార్చుకుంది' అనడం సరైనది. మాయ కింద చేరిన కొన్ని రక్షణ కణాలు పోట్లాట మాని, మాయకు రక్తనాళాలు అమర్చే పనిలో సాయం చేస్తాయి కూడా.

ఇందులో మీకు కలిసొచ్చే సంగతి కూడా ఉంది. కాన్పు దగ్గర పడుతుంటే గర్భసంచి మూతి పూర్తిగా కొత్తరూపం తీసుకుంటుంది. ముక్కు కొనలా గట్టిగా ఉన్నది పెదవిలా మెత్తబడుతుంది. గట్టిదనమంతా కొల్లాజెన్ పోగులది. అవి సడలి మధ్యలో నీరు చేరుతుంది. పది సెంటీమీటర్లు తెరుచుకుని బిడ్డను బయటికి పంపి, కొన్ని వారాల్లో మళ్లీ ముడుచుకుంటుంది. ఆ సమయంలో రక్షణ కణాలు గుంపులుగా అక్కడికి చేరి శుభ్రం చేసే పని చూస్తాయి. పైపొర రాలి కొత్తది వస్తుంది. కాన్పు తర్వాత చాలామందిలో సిన్ తగ్గడానికి ఈ మరమ్మతు కూడా ఒక కారణం కావచ్చని కొందరు పరిశోధకులు అనుకుంటున్నారు. రుజువు ఇంకా కావాలి. మామూలు కాన్పయితేనే తగ్గుతుందా, సిజేరియన్‌కూ తగ్గుతుందా అన్న దాంట్లో కూడా అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. కాబట్టి సిన్ కోసం కాన్పు పద్ధతి ఎంచుకోవద్దు. మామూలు కాన్పు మీరు చేయించుకోవచ్చు. ఇంకేదైనా కారణం వస్తే అది వేరు. హెచ్‌పీవీ ఉంది గనుక బిడ్డకు అంటుతుందేమోనని సిజేరియన్ చేయడమూ ఉండదు. పిల్లల గొంతులో పులిపిర్లు వచ్చే ఆ జబ్బు చాలా అరుదు, అది 6, 11 రకాలతో వచ్చేది.

ఆర్‌ఎంపీ గారి సలహాకు వస్తే నాకు కోపం ఆగదు. సిన్ 2కి గర్భసంచి తీయరు. అది కూడా 27 ఏళ్ల అమ్మాయికి, మొదటి కాన్పులో, సిజేరియన్‌తో పాటు! కాన్పు సమయంలో గర్భసంచికి రక్తం ఉధృతంగా ప్రవహిస్తుంటుంది. అప్పుడు తీయడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రక్తం ఆగనప్పుడు తల్లిని దక్కించుకోవడానికి చేసే ఆపరేషన్ అది. ఈ 'తీసేస్తే పీడ పోతుంది' అన్న మాట మన దగ్గర ఎంత తేలికైందో చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అన్నా, పుండు అన్నా, నొప్పి అన్నా చివరికి అక్కడికే పంపిస్తున్నారు. ముప్పై అయిదేళ్లకే నడుము పట్టేసి, ఒళ్లు ఆవిర్లు కమ్మి నా దగ్గరికి వచ్చే తల్లుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీరు ఆ దారిలో వెళ్లొద్దు. కాన్పు తర్వాత కూడా సిన్ తగ్గకపోతే లీప్ చేస్తారు, గర్భసంచి మీకు ఉంటుంది, ఇంకో బిడ్డను కనొచ్చు. లీప్ తర్వాత గర్భం వస్తే నెలలు నిండకుండా కాన్పు రావడం కాస్త ఎక్కువ గనుక, అప్పుడు డాక్టరు గారికి తప్పకుండా ఆ సంగతి చెప్పి మూతి పొడవు స్కాన్ చేయించుకోండి.

అత్తయ్య గారి ప్రశ్న. వీలైతే ఈ పేరా ఆవిడకు చదివి వినిపించండి, లేదా మీ ఆయన చేత చెప్పించండి. అమ్మా, హెచ్‌పీవీ అనేది ఈ మార్పులకు మూలమైన వైరస్. అది కాపురం చేసే మనుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అంటేదే. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి అణిగి ఉండి తర్వాత పరీక్షలో బయటపడుతుంది. ఇది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పరీక్ష ప్రపంచంలో లేదు. మీ కోడలి గురించి గానీ మీ అబ్బాయి గురించి గానీ ఈ కాగితం ఏ తప్పూ చెప్పడం లేదు. ఆ పిల్లకు ఇప్పుడు కావాల్సింది వేళకు తిండి, నిద్ర, హాస్పిటల్‌కు తోడు.

మీ అమ్మగారి కన్నీళ్లకు జవాబు చెప్పడం నాకు అన్నిటికంటే ముఖ్యం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మీ మండలంతో పాటు భద్రాచలం, కొత్తగూడెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఆ టీకా, అంటే హెచ్‌పీవీ టీకా, వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులను సరిగ్గా అడగలేదని, హాస్టల్ వార్డెన్ల చేత, హెడ్‌మాస్టర్ల చేత సంతకాలు పెట్టించారని తేలింది. అది తప్పే. మీ అమ్మగారికి అప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు గనుకనే ఇన్నేళ్లకు ఆ భయం ఇలా బయటికి వస్తోంది. ఆవిడ కోపం న్యాయమైనదే. అయితే టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొట్టు లాంటి ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. దాని నుంచి ఇన్ఫెక్షన్ రాదు, సిన్ రాదు. మీ జిల్లాలో వేసిన టీకా 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. మీ రిపోర్టు మళ్లీ చూడండి: 16 లేదు, 18 లేదు. ప్రపంచంలో గర్భసంచి మూతి క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణమైన ఆ రెండూ మీలో లేవు. అది టీకా చలవేనని ఒక్క మనిషి విషయంలో తేల్చి చెప్పలేం, కానీ టీకా మీకు చెడు చేయలేదని మాత్రం ధైర్యంగా చెప్పగలను. మన దేశంలోనే అదే కాలంలో సాగుతున్న ఇంకో పెద్ద అధ్యయనం కూడా 2010లో మధ్యలో ఆగింది. 17 వేలకు పైగా అమ్మాయిలున్న ఆ అధ్యయనంలో, అనుకోకుండా ఒక్క డోసుతోనే ఆగిపోయినవాళ్లను పదేళ్ల దాకా గమనించారు. 16, 18 రకాల నుంచి వాళ్లకు దొరికిన రక్షణ మూడు డోసులవాళ్లకు దొరికినంత ఉంది. ఇప్పుడు చాలా దేశాలు ఒక్క డోసుకు మారడం వెనుక ఆ అమ్మాయిలున్నారు. మీకు చెల్లెళ్లో మేనకోడళ్లో ఉంటే టీకా సంగతి వాళ్ల డాక్టరుతో మాట్లాడండి. మీకు మాత్రం గర్భంలో వేయరు.

ఈ మూడు నెలలూ చేయాల్సినవి కొన్నే. ముక్క తీసిన చోట మానిందని డాక్టరు గారు చెప్పేవరకు కలవడం ఆపండి. పటిక నీళ్లతో, డెట్టాల్‌తో లోపల కడుక్కోవద్దు. రక్తం ఎక్కువగా పోయినా, నీళ్లలాంటి దుర్వాసన తెల్లబట్ట అయినా, గడువు దాకా ఆగకుండా వెళ్లండి. ఆరో నెల తర్వాత కనిపించే రక్తం మాయ కిందికి ఉండటం వల్ల కూడా కావచ్చు, స్కాన్‌లో అది చూశారో లేదో అడగండి. ఇంట్లో ఎవరైనా బీడీ సిగరెట్ తాగితే బయట తాగమనండి. పొగ వల్ల ఈ వైరస్ త్వరగా వదలకపోవచ్చు.

ఇక నా అసలు బెంగ చెబుతాను. మన అమ్మాయిలు కాన్పుకు పుట్టింటికి వెళ్తారు. మూడో నెల, అయిదో నెల దాకా అక్కడే ఉంటారు. చూసిన డాక్టరు ఒక ఊళ్లో, రిపోర్టులు అత్తగారింటి బీరువాలో, పిల్లవాడి పాలూ నిద్రా ఒక పక్క. కాన్పు తర్వాత చేయాల్సిన పరీక్ష అక్కడే జారిపోతుంది. మళ్లీ మూడేళ్లకు రెండో కడుపుతో వచ్చినప్పుడే గుర్తొస్తుంది. మీరు పుట్టింటికి బయల్దేరేటప్పుడు ప్యాప్, హెచ్‌పీవీ, బయాప్సీ రిపోర్టులను పసుపు కుంకుమలు పెట్టుకునే సంచిలోనే పెట్టుకోండి. కాల్పోస్కోపీ ఎక్కడ చేస్తారో ఇప్పుడే కనుక్కోండి. ఖమ్మంలో కుదరకపోతే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కాన్పైన నాలుగు వారాల్లోపు ఆ పరీక్ష చేయరు, మూతి ఇంకా మానుతూ ఉంటుంది గనుక. బిడ్డకు ఆరో వారంలో టీకాలు వేయించాలి కదా. తల్లీబిడ్డల కార్డులో ఆ తేదీ రాసే గడి పక్కన, పెన్నుతో, మీ పరీక్ష అని కూడా ఇవాళే రాసి పెట్టండి.